టీవీ వెనక పసుపు దారం

మైల శుద్ధి రోజున ఇల్లంతా కడుగుతూ పనిమనిషి మునియక్క టీవీ వెనకాల తీగలన్నిటినీ ఊడబెరికి సబ్బునీళ్ళ బకెట్లో వేసింది.

చెంగల్రాయుడికి ఆ సంగతి పురోహితుణ్ణి సాగనంపి మిద్దె మీదికి వెళ్ళినప్పుడు తెలిసింది. కొడుకు పంచెలకూ తడి తువ్వాళ్ళకూ మధ్య, బట్టల దండెం మీద నల్లతీగలు వేలాడుతున్నాయి. కొసల నుంచి నీళ్ళు కారుతున్నాయి. గోడ మీద రెండు చిన్న ఇనప డబ్బీలు బోర్లించి ఉన్నాయి. ఆయన ఒక తీగ కొసను చేతిలోకి తీసుకుని వేళ్ళతో తడిమి చూశాడు. దారం లేదు. పక్కదానికీ లేదు. అన్నీ తడిమి చూసి, చివరి తీగను మళ్ళీ దండెం మీద సర్ది, కిందికి దిగివచ్చాడు.

ఆ దారాలు చనిపోయిన ఆయన భార్య కోకిల కట్టినవి. ఆ ఇంట్లో టీవీ ఒక్కటే. దానికి కేబుల్ తీగ ఒకటి, వీడియో గేమ్ మిషన్లు రెండు. ఒకటి కొడుకు చదువుకునే రోజుల్లో, విదేశీ సరుకులమ్మే బర్మా బజారులో కొన్నది. నల్లని పిడి మీద చిన్న కర్ర నిలబెట్టినట్టు ఉంటుంది కనుక దాన్ని అందరూ కర్ర మిషను అనేవారు. రెండోది తుపాకి మిషను. ప్లాస్టిక్ తుపాకితో టీవీలో బాతులను కొట్టేది. మిషన్లతో ఆడటం మీద మొగవాళ్ళకు మోజు తీరిపోయినా కోకిలకు తీరలేదు. ఏ తీగ దేనిదో తెలియడానికి పూలు కట్టే ఒడుపుతో ఒక్కొక్క కొసకూ ఒక్కొక్క రంగు దారం ముడివేసేది. ఏ రంగు దేనికో ఇంకెవరూ అడగలేదు. ఆమె ఉండగా అడగవలసిన అవసరం రాలేదు.

కింద హాల్లో కోడలు హేమమాలిని చీపురు చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. మునియక్క గడప దగ్గర.

"ఎవురు చెప్పినారు నీకు తీగలు కడగమని? కరెంటు సామాన్ని ఎవురన్నా నీళ్ళల్లో వేస్తారా?"

"అయ్యరే గదా చిన్నమ్మా చెప్పినాడు. అమ్మ చెయ్యి తగిలినవన్నీ కడగమన్నాడు." మునియక్క టీవీ వైపు చూసింది. "అమ్మ చెయ్యి ఎక్కువ తగిలింది దానికే గదా."

ఆ మాటకు హేమమాలినికి కోపం పెరిగింది. "దారాలు కట్టి ఉండెనే, అవి యాడ?"

మునియక్క చీర కొంగుతో చేతులు తుడుచుకుంది. తుడిచిన చేతులనే మళ్ళీ తుడిచింది.

"చెత్తతో పారబోసింటావు. సరే, రేపట్నించి నువ్వు హాల్లోకి రావద్దు. వంటిల్లు, వెనక తట్టు చూసుకో, చాలు. ఈడ నేనో పాపో ఊడ్చుకుంటాం."

చెంగల్రాయుడు మెట్ల దగ్గర నిలబడి విన్నాడు. ముప్పై ఏళ్ళ పైగా బడిలో తెలుగు చెప్పినవాడు. పిల్లలు తగవు పడితే రెండు వైపులా వినకుండా మాట పలికేవాడు కాదు. ఆ రోజు ఒక వైపు మాటే పూర్తయింది, రెండో వైపు నోరు విప్పలేదు. ఆయనకూ ఓపిక లేకపోయింది. సాయంత్రం ఆరిన తీగలను చుట్టలు చుట్టి, ఇనప డబ్బీలతో పాటు ఒక ప్లాస్టిక్ బుట్టలో వేసి, బల్ల కిందికి తోశాడు.

*

నెల దాటాక కొత్త మిషను వచ్చింది. కోకిల అడిగి తెప్పించుకున్నదే. కొడుకు శివరామ్ హార్బరు దగ్గర క్లియరింగు ఆఫీసులో పని చేస్తాడు. వాడి స్నేహితుడు ఆరోగ్యసామి ఓడలో ఉద్యోగి. సీడీ వేసి ఆడే మిషను జపానులో దొరుకుతుందని తెలిసిన రోజునుంచి కోకిల ఆరోగ్యసామిని కనిపించినప్పుడల్లా అడిగేది. ఓడ తిరిగి రేవుకు వచ్చేసరికి అడిగిన మనిషి లేదు.

గురువారం సాయంత్రం శివరామ్ అట్టపెట్టె తెచ్చి హాలు మధ్యలో పెట్టాడు. కాసేపు ఎవరూ దాని మూత తీయలేదు. హేమమాలిని అలవాటుగా లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. అత్త పోయి ఏడాది తిరగలేదని జ్ఞాపకం వచ్చి, భరిణె మూత తీయకుండానే తీసుకువెళ్ళి లోపల పెట్టింది.

"తెరువు నాన్నా," అంది శ్రీప్రియ. ఎనిమిదో తరగతి. "అవ్వ అయ్యుంటే ఇంతలోకి ఒక రౌండు ఆడేసుండేది."

ఆ మాటకు శివరామ్ నవ్వాడు. నవ్వాక పని తేలికయింది. బూడిదరంగు మిషను, దానితో పాటు ఇటుకంత బరువైన ట్రాన్స్‌ఫార్మరు. జపాను కరెంటు వేరని, నేరుగా మన ప్లగ్గులో పెడితే మాడిపోతుందని ఆరోగ్యసామి ఒకటికి నాలుగుసార్లు చెప్పి పంపాడు. మిషను తీగ చివర పసుపు, తెలుపు, ఎరుపు మూతులు ఉన్నాయి. టీవీ వెనక పసుపు, తెలుపు రంధ్రాలు ఉన్నాయి. ఎరుపుకు చోటు లేదు. శివరామ్ రెండింటినీ గుచ్చి ఎర్రదాన్ని వదిలేశాడు. బొమ్మ ముందు నలుపు తెలుపులో వచ్చింది. శ్రీప్రియ రిమోటు తీసుకుని ఏవేవో నొక్కి రంగులు తెప్పించింది. రోడ్డు మీద కార్లు పరుగెత్తాయి. హేమమాలిని కూడా ఒకసారి ఆడి, గోడకు గుద్దుకుని, "నాకు వద్దు తల్లీ, స్కూటరే రాదు," అని లేచింది.

చెంగల్రాయుడు కుర్చీలో కూర్చుని చూశాడు. బాగుంది. ఇంట్లో నవ్వులు వినబడి చాలా రోజులైంది. ఆయన కాలికి బల్ల కింద ప్లాస్టిక్ బుట్ట తగిలింది.

శివరామ్ ఆ బుట్టను చూశాడు. "నాయనా, పాతవి రెండూ ఆరోగ్యసామి పిల్లోళ్ళకి ఇచ్చేద్దామనుకుంటా ఉండా. ఆదివారం వస్తాడు. మనకు తెచ్చిపెట్టినాడే, మనం ఏమీ ఇయ్యకుంటే బాగుండదు."

"మూడూ ఒక టీవీకే పెట్టుకోవచ్చని మీ అమ్మ అనేది."

"అమ్మ అనేది, సరే. అమ్మకు తెలుసు. మనకు తెలీదే. పసుపు బొక్క ఒక్కటే ఉండాది, దాంట్లో ఇది పెట్టినాం. తుపాకి మిషనుదీ పసుపు మూతే. ఒక బొక్కలో రెండు తీగలు ఎట్ల పెడతావు?"

"ఆదివారం లోపల నేను కలిపితే?"

శివరామ్ తండ్రి ముఖం చూశాడు. "నువ్వా? ఫ్యూజు పోయినా అమ్మే గదా వేసేది."

"అదే అడుగుతా ఉండా. కలిపితే?"

"కలిపితే ఉండనీ నాయనా. ఎవురొద్దన్నారు. కలవకుంటే మాత్రం ఇచ్చేద్దాం. బల్ల కింద పెట్టుకొని ఏం చేస్తావు, సుమ్మా, ఊరికే."

*

శుక్రవారం మధ్యాహ్నం చెంగల్రాయుడు లైబ్రరీకి వెళ్ళలేదు. భోజనం కాగానే చొక్కా తొడుక్కుని మెట్లు దిగడం ఆయనకు రిటైరైన నాటినుంచి అలవాటు. ఆ రోజు చొక్కా తొడుక్కుని కూడా దిగలేదు. బుట్టలోంచి తీగలు తీసి నేల మీద పరిచాడు.

ఎంతసేపు చూసినా అన్నీ ఒకేలా కనిపించాయి. పొడవును బట్టి వేరు చేశాడు. తరువాత కొసలను బట్టి వేరు చేశాడు. కొసకు సన్నని సూది ఉన్నవి యాంటెన్నా రంధ్రానికి పోయేవని, లావు మూతి ఉన్నవి పసుపు రంధ్రానికి పోయేవని అర్థం చేసుకోవడానికి సాయంత్రం అయింది. శ్రీప్రియ బడినుంచి వచ్చి సంచీ విసిరేసి పక్కన కూర్చుంది.

"తాతా, కర్ర మిషను ఈ డబ్బీ లోంచి పోవాల. కేబుల్ తీగ ఈడ. మిషను తీగ ఆడ. తర్వాత డబ్బీ తోక టీవీకి. బొత్తాం ఇట్ల జరిపితే టీవీ, అట్ల జరిపితే గేము. అంతవరకు నాకు తెలుసు."

"ఇంకో డబ్బీ ఎందుకు?"

"అది ఎక్స్‌ట్రా అనుకుంటా."

డబ్బీ బొత్తాం జరగలేదు. సబ్బునీళ్ళకు తుప్పు పట్టింది. చెంగల్రాయుడు మరలు విప్పి, శ్రీప్రియ బడి సంచీలోని రబ్బరుతో లోపలి రేకును రుద్దాడు. రబ్బరు పొడి ఊదేశాడు. కుట్టుమిషను నూనె ఒక బొట్టు వేసి, బొత్తాన్ని అటూ ఇటూ ఆడించాడు. మొదట కిర్రుమంది. తరువాత మెత్తగా జరిగింది. ఆ జరగడంలో ఆయనకు ఏదో హాయి తోచింది. ఇంకా నాలుగుసార్లు అనవసరంగా జరిపి చూశాడు.

తీగలు గుచ్చి టీవీ పెట్టారు. తెరనిండా ముసురు పట్టినట్టు చుక్కలు.

"చానల్ వెతకాల తాతా. ఎంతసేపు పట్టేది తెలీదు."

"మీ అవ్వ ఏ నంబరు నొక్కేది?"

శ్రీప్రియ ఆలోచించి ఎనిమిది నొక్కింది. ముసురు విడిపోయి నల్లని తెర వచ్చింది. రెండు పక్కలా రెండు తెల్లని కడ్డీలు, నడుమ ఒక చుక్క. చుక్క కడ్డీకి తగిలి టొక్ మంది.

కోకిల ఎప్పుడో వెతికి పెట్టిన చానలు టీవీ మరిచిపోలేదు. ఆమె చేసిన పనిలో సబ్బునీళ్ళు తగలనిది అదొక్కటే.

ఇద్దరూ ఒక ఆట ఆడారు. శ్రీప్రియ గెలిచి, "ఇది మరీ పాతది తాతా," అని లేచి వెళ్ళిపోయింది. చెంగల్రాయుడు రెండు కర్రలనూ ఒళ్ళో పెట్టుకుని చూశాడు. ఒకటి కోకిలది, ఎప్పుడూ కుడి పక్క పెట్టుకునేది, పట్టుకునే చోట నున్నగా అరిగింది. రెండో కర్రకు ఎవరో గుడ్డపేలిక చుట్టి ముడివేశారు. ఆకుపచ్చ గుడ్డ, వెలిసిపోయింది. దాని కింద బొత్తాం కూడా అరిగిపోయి ఉంది.

"పాపా, అవ్వతో ఎవురు ఆడేది?"

లోపల్నుంచి శ్రీప్రియ గొంతు వచ్చింది. "నేను బడిలో ఉంటా కదా. నువ్వు కాదా?"

*

శనివారం ఆట కుదరలేదు, అంటే తుపాకి మిషను కుదరలేదు. దాని పసుపు మూతికి టీవీ వెనక చోటు లేదు. కొత్త మిషను మూతి తీస్తేనే దీనికి చోటు. ఒకటి తీసి ఒకటి పెడితే కలిపినట్టు కాదు. శివరామ్ చెప్పిందే నిజమయ్యేటట్టు ఉంది. పొద్దుట అంతా టీవీని అలమారలోంచి సగం ముందుకు లాగి, గోడకూ దానికీ మధ్య వంగి వంగి ఆయన నడుము పట్టేసింది.

మధ్యాహ్నం ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. శివరామ్ ఆఫీసులో. హేమమాలిని శ్రీప్రియను తీసుకుని సౌకార్‌పేటకు గుడ్డల కోసం వెళ్ళింది. వంటింట్లో మునియక్క గిన్నెలు తోముతున్న చప్పుడు. ఇక తన వల్ల కాదనిపించి, చెంగల్రాయుడు నేల మీద చతికిలబడి ఎనిమిది నొక్కాడు. కోకిల కర్ర కుడిచేత్తోనూ, గుడ్డ చుట్టిన కర్ర ఎడమచేత్తోనూ పట్టుకుని రెండు వైపులా తానే ఆడసాగాడు. కుడి కడ్డీ చెప్పినట్టు వింది. ఎడమ కడ్డీ పైన పోవలసినప్పుడు కిందికి, కింద పోవలసినప్పుడు పైకి పోయింది. టొక్. టొక్.

గిన్నెల చప్పుడు ఆగింది.

ఆయన చుక్క మీదే కళ్ళు పెట్టి ఉన్నాడు. అది ఎడమ మూలకు జారుతోంది.

"కిందికి అయ్యోరా. కిందికి, కిందికి."

ఆయన తిరిగి చూశాడు. చుక్క పోయింది. మునియక్క వంటింటి గడపకు అవతల నిలబడి ఉంది. ముంజేతుల నిండా సబ్బు నురగ. బొటనవేలికి పేలిక చుట్టుకుంది. సబ్బుకు పగిలిన వేలు. పేలిక నీలం రంగుది. ముడి మాత్రం కర్రకున్న ముడే.

"నీకు ఈ ఆట వచ్చునా?"

"వచ్చునా అంటే..." ఆమె వీధి తలుపు వైపు చూసింది. "అమ్మ పిలిచేది. సామాన్లు తోమినాక. ఒక్కదాన్నే ఎట్ల ఆడేది, రా మునీ అనేది."

"ఎన్నాళ్ళుగా?"

"పాప బడికి పోయేది మొదలు పెట్టినప్పట్నించి."

"నాకు తెలీదే."

"మీరు లైబ్రరీకి పోతారు గదా. మీరు మెట్లు దిగే దాకా ఆగేది అమ్మ."

చెంగల్రాయుడు కర్రలు కింద పెట్టాడు. "ఎందుకు? నేనేమన్నా అంటాననా?"

"అట్లేం లే. మీరుంటే శబ్దం తగ్గించమంటారంట."

ఆయనకు నవ్వు వచ్చింది. గొంతులో ఎక్కడో మొదలై, ఆపుకుందామన్నా ఆగకుండా బయటికి వచ్చింది. మునియక్క కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎవురు గెలిచేది?"

"అమ్మే. నేను గెలిచినానంటే, ఇంకొకాట అనేది. ఆమె గెలిచే దాకా లేవనిచ్చేది కాదు. మా తిరువొత్తియూరు రైలు ఎన్ని పోయినాయో నాకు."

తెర మీద చుక్క తనంతట తాను మళ్ళీ నడుమకు వచ్చి నిలబడింది. చెంగల్రాయుడు శుద్ధి రోజున అడగవలసిన మాట అప్పుడు అడిగాడు.

"మునియక్కా, ఆ దారాలు ఏం చేసినావు?"

ఆమె నవ్వు పోయింది. చేతుల నురగ ఆరిపోతోంది. "పారెయ్యలేదయ్యోరా. చిన్నమ్మ అన్నట్టు చెత్తలో ఎయ్యలే."

"సరే. చెప్పు."

"టీవీ వెనకాల తీగలకు తెల్లదీ, ఎర్రదీ, నీలందీ కట్టి ఉండె. అవి సరే, గుర్తుకు కట్టినాది. పసుపుది మాత్రం దేనికీ కట్టలే. ఉత్తచోట కట్టి ఉండె, టీవీకి బిగించిన మరకు. తీగా లేదు, ఏమీ లేదు. పసుపులో ముంచిన దారం ఉత్తచోట ముడేస్తే మొక్కు కాకుండా ఇంకేముంటుంది? ముత్తైదువ కట్టుకున్న ముడి. ఆమె పోయినాక దాన్ని చీపురుతో ఊడుస్తారా? ఒకటి తీసి మిగతావి విడిచిపెట్టకూడదని అన్నీ తీసినా. కొంగున ముడేసుకొని పోయి, మా ఇంటికాడ సముద్రంలో నడుం లోతు దాకా దిగి విడిచినా."

"ఆ రోజు ఎందుకు చెప్పలేదు?"

"మొక్కు సంగతి నలుగురిలో చెప్పకూడదు గదా. అదేం మొక్కో, ఎవురి కోసరమో."

చెంగల్రాయుడు లేచాడు. నడుము పట్టిన సంగతి మరిచి ఒక్క ఊపున లేచి, గోడకు వేలాడుతున్న టార్చిలైటు అందుకున్నాడు. "ఏ మరకు?"

"ఆడ, పసుపు బొక్క పక్కన."

"వచ్చి చూపించు."

ఆమె కదలలేదు. "చిన్నమ్మ హాల్లోకి రావద్దన్నాది."

"అన్నాది. నేనూ విన్నాను. ఆ రోజు నేనేమీ మాట్లాడలేదు." ఆయన టార్చి వెలిగించాడు, ఆర్పాడు. "ఇవాళ మాట్లాడతా ఉండా. లోపలికి రా."

మునియక్క వెనక్కి వెళ్ళి కాళ్ళు చేతులు కడుక్కుని వచ్చి, గడప దాటింది. టీవీ వెనక వంగి వేలితో చూపించింది. పసుపు రంధ్రం పక్కన ఉన్న మర చుట్టూ, ప్లాస్టిక్ మీద, గోరు వెడల్పున పసుపు మరక ఉంది. కడిగినా పోలేదు. ఆ రంధ్రంలో ఇప్పుడు కొత్త మిషను మూతి గుచ్చి ఉంది.

ఆయన టార్చి పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

తుపాకి మిషను మూతి ఆ రంధ్రంలోనే ఉండేదని శ్రీప్రియకు తెలుసు, శివరామ్‌కు తెలుసు. కానీ ఆఖరు రోజుల్లో అది అక్కడ లేదు. కోకిల దాన్ని తీసేసింది. వేరే దారిన పంపించి, ఈ రంధ్రాన్ని ఖాళీ చేసి, పక్కన దారం కట్టి పెట్టింది. ఓడలో వచ్చే దానికి. బస్సులో సీటు మీద తువ్వాలు వేసినట్టు.

"మొక్కేనా అయ్యోరా?" అని అడిగింది మునియక్క.

ఆయన టార్చి ఆర్పాడు. "మొక్కే అనుకో," అన్నాడు.

అప్పుడు ఆయనకు రెండో డబ్బీ జ్ఞాపకం వచ్చింది.

*

ఆదివారం పొద్దున తాతా మనవరాలూ కలిసి రెండో డబ్బీ విప్పారు. రబ్బరుతో రుద్దారు, నూనె వేశారు. తుపాకి మిషను వెనక పసుపు రంధ్రానికి పక్కనే ఇంకో రంధ్రం ఉంది. యాంటెన్నా తీగ పట్టేది. దాన్ని ఇన్నాళ్ళూ కోకిల తప్ప ఎవరూ చూడలేదు. మునియక్కకు కూడా ఆ తీగల సంగతి తెలియదు. "నాకు చుక్కను కొట్టేదొక్కటే తెలుసు," అని ముందే చెప్పేసింది.

కేబుల్ తీగ మొదటి డబ్బీలోకి పోయింది. తుపాకి మిషను దాంట్లో కలిసింది. ఆ డబ్బీ తోక రెండో డబ్బీలోకి. కర్ర మిషను అక్కడ కలిసింది. రెండో డబ్బీ తోక టీవీకి. ఒక తీగ చివర సూది విరిగి ఉంది. చెంగల్రాయుడు పాత బ్లేడుతో పై తొడుగు కోసి, లోపలి వెంట్రుకల్లాంటి రాగి అల్లికను వెనక్కి మడిచి, నడిమి తీగను నలగకుండా బయటికి తీసి, కేబుల్ మనిషి రంగసామి దగ్గర అడిగి తెచ్చిన సూదిని తొడిగి పటకారుతో నొక్కాడు. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి పట్టింది.

"ఏ నంబరు తాతా?"

"ఎనిమిది పక్కన ఏముంటుంది?"

శ్రీప్రియ తొమ్మిది నొక్కింది. ముసురు. చెంగల్రాయుడి ముఖంలోకి చూసి, మళ్ళీ నొక్కింది. ముసురే.

స్నానం చేసి తల తుడుచుకుంటూ వచ్చిన శివరామ్ గోడకు ఆనుకున్నాడు. వీధిలో చేతిబండి వాడు దారి దారి అని తమిళంలో అరుస్తూ పోయాడు.

చెంగల్రాయుడు తీగ వెంట వేలు పెట్టి నడిపించాడు. మిషను దగ్గర మొదలుపెట్టి మొదటి డబ్బీ దాకా. బొత్తాం గేము వైపు ఉంది. అక్కణ్ణుంచి రెండో డబ్బీ దాకా. దాని బొత్తామూ గేము వైపే ఉంది. తలుపు మూసుకుని దారి అడుగుతున్నాం, అనుకున్నాడు. రెండో బొత్తాన్ని టీవీ వైపు జరిపాడు.

బాతులు ఎగిరాయి.

"అయ్యో దేవుడా," అంది శ్రీప్రియ నెమ్మదిగా. ఎనిమిది నొక్కి బొత్తాం జరిపితే కడ్డీలు, తొమ్మిది నొక్కితే బాతులు, పసుపు రంధ్రానికి మారితే కార్లు. మళ్ళీ ఎనిమిది. మళ్ళీ తొమ్మిది. శివరామ్ తువ్వాలు భుజాన వేసుకుని, టీవీ వెనక్కి వంగి, మర పక్కన పసుపు మరకను చూశాడు. తండ్రి నిన్న రాత్రి అన్నం దగ్గర చెప్పాడు. ఇప్పుడు కంటితో చూశాడు. వేలితో ఒకసారి తాకి లేచి నిలబడ్డాడు.

"ఆరోగ్యసామి పిల్లోళ్ళకి బజార్లో ఇంకేదన్నా తీసిస్తాలే నాయనా," అన్నాడు.

మధ్యాహ్నం మునియక్క వచ్చి గిన్నెలు ముందు వేసుకుంది. హేమమాలిని పొయ్యి దగ్గర కాఫీ కలుపుతోంది. సముద్రంలో నడుం లోతు దాకా దిగిన సంగతి ఆమె కూడా వింది. విన్నప్పటినుంచి వంటింట్లో ఆమె చేతులకు పని ఎక్కువైంది. తుడిచిన గట్టునే తుడుస్తోంది.

"మునియక్కా," అంది చివరికి, పాలగిన్నె వైపు చూస్తూ. "పాప ఊడిస్తే హాల్లో మూలలన్నీ దుమ్మే. అలమార కింద చూడు, కుప్పలు. రేపట్నించి నువ్వే ఊడ్చు."

"సరే చిన్నమ్మా."

"ఈ కాఫీ తాగి పని చెయ్యి. చల్లారిపోతుంది."

"ఊడ్చేది రేపు గదా," అన్నాడు చెంగల్రాయుడు గడప దగ్గరికి వచ్చి. "కాఫీ ఎత్తుకొని ఈడికి రా."

మునియక్క హేమమాలిని వైపు చూసింది. హేమమాలిని గ్లాసు తానే పట్టుకుని హాల్లోకి నడిచి, టీవీ ముందు, ఎడమ పక్కన నేల మీద పెట్టింది. మునియక్క వచ్చి ఆ గ్లాసు పక్కన కూర్చుంది. పేలిక చుట్టిన కర్రను అడగకుండానే తీసుకుంది. కోకిల కర్ర చెంగల్రాయుడి చేతికి వచ్చింది. అరిగిన చోట ఆయన వేలు సరిగా కూర్చోలేదు. కాస్త కిందికి పట్టుకున్నాడు.

శ్రీప్రియ ఎనిమిది నొక్కింది.

మొదటి ఆటలో మునియక్క ఆయనకు ఊపిరి తీసుకునే సందు ఇవ్వలేదు. చుక్కను పై అంచుకు తగిలించి, అది వంకరగా దిగేటట్టు కొట్టేది. ఆయన కడ్డీ అక్కడికి చేరేసరికి పని అయిపోయేది.

"అమ్మ గూడా ఈడే పోగొట్టుకునేది," అంది ఆమె ఓదార్పుగా.

"శబ్దం కొంచెం పెంచు పాపా," అన్నాడు చెంగల్రాయుడు. శివరామ్ తల తిప్పి తండ్రిని చూశాడు.

రెండో ఆటా ఆమెదే.

"ఇంకొకాట," అన్నాడు ఆయన.

"రైలుకు టైమవుతుందయ్యోరా."

"ఇంకో రైలు ఉంటుంది. కూర్చో."

సాయంత్రం శ్రీప్రియ కుట్టుమిషను పెట్టెలోంచి దారపు రీళ్ళు తెచ్చింది. తాత చెప్పగా కేబుల్ తీగకు తెల్లది, తుపాకి మిషనుకు ఎర్రది, కర్ర మిషనుకు నీలందీ కట్టింది. కోకిల కట్టిన వరస అదేనో కాదో ఎవరికీ తెలియదు. పూలముడి పడలేదు, మామూలు ముళ్ళే పడ్డాయి. హేమమాలిని అడక్కుండానే గిన్నెలో పసుపు కలిపి, తెల్లదారం ముంచి, కిటికీ ఊచకు ఆరవేసింది.

"దాన్ని నువ్వే కట్టాల," అన్నాడు చెంగల్రాయుడు, చెప్పులు వేసుకుంటున్న మునియక్కతో. "తీసింది నువ్వే గదా."

"కడతానయ్యోరా, కట్టడానికేం. ఏం మొక్కుకుంటారో చెప్పండి. మొక్కు లేకుండా కట్టకూడదు."

ఆయన ఆలోచించాడు. మాటలతోనే బతికినవాడు. నోటికి వచ్చిన ఒకటి రెండు మాటలు అడగదగినవి కావు, మిగిలినవి అడగవలసిన అవసరం లేనివి.

"రేపు చెప్తాను," అన్నాడు.

మరునాడు ఆమె వచ్చి హాలు మూలలన్నీ ఊడ్చింది. ఆ మరునాడూ ఊడ్చింది. గిన్నెలు తోమాక రోజూ ఆడుతున్నారు. దారం ఆరి కిటికీకి వేలాడుతోంది. ఇంకా కట్టలేదు.